కాలిన ఇల్లు మళ్లీ కట్టిందెవరు?

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌కు జనం కదిలి వస్తారు. 1940లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన కుమ్రం భీముకు దండం పెడతారు. 1948లో హుస్నాబాద్ దగ్గర ప్రాణాలిచ్చిన అనభేరి ప్రభాకరరావుకు కరీంనగర్ వాళ్లు పూలమాలలు వేస్తారు. వెయ్యాల్సిందే. కానీ పోరు ముగిసిన మర్నాటి సంగతి ఎప్పుడైనా ఆలోచించామా?

భీము పోరాటం భూమి కోసం, అడవి కోసం. బాబేఝరీలో అటవీ సిబ్బంది గోండుల గుడిసెలు తగలబెట్టారు. భీము పోయాక హైమెండార్ఫ్ వచ్చి అక్కడి బాధలు రాశారు. 1940లలోనే వేల కుటుంబాలకు పట్టాలు అందాయి. మార్లవాయిలో 1943లో టీచర్ల శిక్షణ మొదలైంది. ఇదంతా కాగితాల్లో ఉంది. మరి కూలిన గోడకు మట్టి మెత్తింది, మిగిలిన గింజలు విత్తింది, తండ్రి లేని పిల్లల్ని సాకింది ఎవరు? ఆ చేతుల పేర్లు ఏ పట్టాలో రాశారు?

జర్మనీలో కథ ఇందుకు తలకిందులు. 1945లో యుద్ధం ముగిశాక శిథిలాలెత్తిన ఆడవాళ్లకు అక్కడ విగ్రహాలే పెట్టారు. దేశాన్ని వాళ్లే నిలబెట్టారని పిల్లలకు చెప్పారు. 2014లో లియోనీ ట్రేబర్ అనే చరిత్రకారిణి లెక్క తీస్తే, బెర్లిన్‌లో ఆ పనికి వెళ్లింది సుమారు 60 వేల మంది, అంటే నగరంలోని స్త్రీలలో నూటికి 5 మంది. చాలామంది వెళ్లింది కాస్త ఎక్కువ రేషనిచ్చే కార్డు కోసం. ఎక్కువ పని చేసింది కంపెనీలూ యంత్రాలూను.

అక్కడ బొమ్మను చేశారు, ఇక్కడ మరిచేపోయారు. ఆమెకు ఆకలేసిందా, కూలి దక్కిందా, ఇష్టపడి చేసిందా అని రెండుచోట్లా ఎవరూ అడగలేదు.

అడిగినవాళ్లూ ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటం 1951లో ఆగాక ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోమన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్ని 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది స్త్రీ శక్తి సంఘటన. అందులో గర్వమూ ఉంది, కోపమూ ఉంది.

రజాకార్ల రోజులు చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లే. మీ ఇంట్లో, మీ వాడలో అలాంటి అవ్వ ఉంటే ఈ ఆదివారమే వెళ్లి కూర్చోండి. "అవ్వా, ఊరు విడిచి మళ్లీ తిరిగొచ్చినంక ఏం పని జేసినవ్? ఏం తిన్నరు?" అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ముందుగా ఆమె పేరు రాసుకోండి. ఫలానా వారి భార్య అని కాదు, ఆమె పేరే.