ఒకే పెట్టెలో దాచిన రాతలు

గత వేసవిలో ఒకనాటి ఉదయం మా పత్రికా విభాగపు కంప్యూటరు పని చేయలేదు. లోపలినుండి టక్‌టక్‌మను శబ్దం మాత్రం వినవచ్చినది. పలుమార్లు కరెంటు తీసి, మరల వేసి చూచాము. పదేళ్ళ ఉర్దూ, తెలుగు రచనలు ఆ ఒక్క హార్డ్‌డిస్కులోనే ఉన్నవి. మరొక ప్రతి ఎచ్చటను లేదు. ఆ తప్పు మాదే.

హార్డ్‌డిస్కులో అయస్కాంతపు పూత గల పళ్ళెములు నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగును. వాటిపై, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్న తక్కువ ఎత్తున, హెడ్ అనబడు సూక్ష్మభాగం తేలుచూ అక్షరాలను చదువును. అది పళ్ళెమును తాకినచో పూత గీసుకొనిపోవును. అట్లు పోయిన దానిని ఏ నిపుణుడును తిరిగి తేలేడు. శబ్దం విన్న పిదప కూడ కరెంటు వేయుట పుండుమీద కారం చల్లుటయే. వెంటనే ఆపివేసి, మూత విప్పక, నిపుణునికి అప్పగించవలెను. ఆయన మొదట డిస్కు మొత్తానికి నకలు తీసి, ఆ నకలుపైననే పని చేయును.

ఆశ వదలుకొనుట మాత్రం తగదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలి, మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు అసువులు బాసినారు. శకలాలలో దొరికిన, కాలి కమిలిన ఒక డిస్కునుండి నిపుణులు దాదాపు 99 శాతం సమాచారం రాబట్టగా, అందలి ప్రయోగ ఫలితాలు 2008లో ప్రకటితమైనవి.

మాకు అంత అదృష్టం కలుగలేదు. సగమే తిరిగి వచ్చినది. వచ్చినవైనను చదువుటకు వీలు కాలేదు. ఉర్దూ పుటలు పాత ఇన్‌పేజ్‌లోను, తెలుగు పుటలు అను ఖతులలోను కూర్చబడినందున కొత్త యంత్రంలో పిచ్చిగీతలుగా కనబడినవి. 1991 నుండియే యూనికోడ్‌లో తెలుగుకు, అరబిక్ లిపికి చోటున్నది. మనమే దానిని వాడలేదు.

పోయిన సగంలో ఒక పూర్వ విద్యార్థిని తన దాదీ నోట విని వ్రాసిన పెళ్ళిపాటలున్నవి. అచ్చయినవి రెండే. దాదీ ఇప్పుడు లేరు.

అచ్చుప్రతులు ఉండగా యంత్రం గొడవ ఏలయని పెద్దలు కొందరు అనవచ్చును. అచ్చుప్రతి విలువ మేము ఎరుగుదుము. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనంలో నాటి పత్రికలు నేటికిని దొరకుచున్నవన్న, దాచవలెనని ఎవరో తలచుటయే కారణము. కాని అచ్చుకెక్కని రాత మాటేమి? మన మిర్చిరైతు సరుకును శీతల గిడ్డంగిలో పెట్టి, రసీదును ఇంట భద్రపరచును. ఆపాటి జాగ్రత్త చదువుకొన్న మనకు లేకపోయెను.

కళాశాల కమిటీవారికి మా విన్నపం మూడు మాటలు. ప్రతి రచనకు రెండు నకళ్ళుంచి, ఒకదానిని కళాశాల వెలుపల దాచవలెను. ఇకపై రెండు భాషలను యూనికోడ్‌లోనే కూర్చవలెను. ఏటేటా పత్రిక ఆవిష్కరణనాడు ఆ నకళ్ళను తెరచి, చదివి చూడవలెను. ఇందుకగు వ్యయం స్వల్పము. విద్యార్థి మిత్రులారా, మీ ఇంటి పెద్దల మాటలను వ్రాసికొన్నచో ఈ రాత్రియే మరొక ప్రతి తీయుడు. యంత్రమునకు మరల ప్రాణం పోయవచ్చును. దాదీని మరల అడుగలేము.