నీరు వదిలే వేళ దిగువకు తెలియాలి

వానలు లేవు, నది మోకాలి లోతే గదా అని దిగడం ప్రమాదం. ఎగువన విద్యుత్ డ్యాం ఉంటే నీరు గేట్లను బట్టి వస్తుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్లపై ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులను, సరైన హెచ్చరిక లేకుండా లార్జి డ్యాం నుంచి వదిలిన నీరు పొట్టన పెట్టుకున్నది.

కర్ణాటకలో కాళీ నదిపై రబ్బరు పడవల విహారం నడిపేవారు సూపా డ్యాం నీరు వదిలే వేళ చూసుకునే పడవ దించుతారు. హిమాచల్‌లోనైతే జూలై 15 నుంచి రెండు నెలలు ఆ విహారమే నిషేధం.

విహారయాత్రకు పిల్లలను పంపే తల్లిదండ్రులు ఈ వేళల సంగతి ముందే అడగాలి. సరే, యాత్రికులు అడుగుతారు. ఏటిలో పశువులను తోలేవారికి, బట్టలు ఉతికేవారికి ఎవరు చెబుతారు? గేట్లు ఎత్తే ముందు దిగువ గ్రామాల్లో దండోరా వేయించడం అధికారులకు భారం కాబోదు.