పరికరం కొనేముందు బ్యాటరీ సంగతి అడగండి

హైటెక్ సిటీకి దగ్గర్లోని గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో గాలి, నీటి నాణ్యతను కొలిచి, తీగ లేకుండానే కబురు పంపే సెన్సర్లు అమర్చారు. నేల తేమ చెప్పే సెన్సర్లు చేలకూ వస్తున్నాయి. మంచిదే. మరి కొనేముందు ఒక్క మాట అడగండి: బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది?

తేమ కొలవడానికి కరెంటు కొంచెమే చాలు. కబురు పంపడానికే ఎక్కువ ఖర్చవుతుంది. నేల తేమ నిమిషానికోసారి మారదు కదా! గంటకోసారి కొలిచి, మార్పుంటేనే కబురంపి, మిగతా వేళ నిద్రపోయే పరికరమే మేలు. పూత దశలో బ్యాటరీ చచ్చిందంటే, దాన్నే నమ్ముకున్న రైతుకు తడి తప్పినట్లే.

రెండెకరాల రైతు విడిగా కొననక్కర్లేదు. 2004లో అదే ట్రిపుల్ ఐటీ ‘ఈ-సాగు’ పేరిట వరంగల్ జిల్లా పత్తి రైతులకు సలహాలిచ్చింది. అందుకు చేనుకో కెమెరా పెట్టలేదు. చదువుకున్న రైతులే చేలన్నీ తిరిగి ఫొటోలు తీసి నిపుణులకు పంపారు. ఆ దారే మనకూ మంచిది. పదిమంది కలిసి ఒక పరికరం కొనండి, వంతులవారీగా తిప్పండి, ఛార్జింగు పని ఒకరికి అప్పగించండి.

గుప్పెడు మట్టి పిసికి చూడటం మాత్రం మానొద్దు. దానికి బ్యాటరీ అక్కర్లేదు!