పక్షవాతము - కాలాతిక్రమణము

విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరులో తెల్లవాఱకమునుపే మరబోట్లు జట్టీకి చేరును. చేపల వేలము మొదలగును. ఆ సందడిలో తట్ట మోయుచున్న కూలివాడొకడు హఠాత్తుగా ఒరిగి, మాట తడబడినచో చుట్టునున్నవారేమందురు? త్రాగినాడందురు, నిద్ర చాలలేదందురు. ముఖముపై నీళ్లు చల్లి ఒక మూల పరుండబెట్టుదురు. దయతో చేసిన యీ యుపచారమే వానికి ముప్పు తెచ్చునని మేము చెప్పక తప్పదు.

పక్షవాతము గాలి సోకుటవలన వచ్చునది కాదు. మెదడులోని రక్తనాళము గడ్డచే మూసికొనిపోవుటయో, చిట్లుటయో దానికి కారణము. పెద్దనాళము మూసికొనిపోయినచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని శాస్త్రజ్ఞుల యంచనా. గడ్డను కరగించు మందు వెంటనే యిచ్చినచో ఫలించునని 1995లో అమెరికాలో తేలినది. ఆ గడువు 4½ గంటలవఱకు సాగునని 2008లో ఐరోపాలో తేలినది. అయితే నాళము చిట్లినవానికి ఆ మందే ప్రాణాంతకము. స్కాను తీయనిదే యేది యేదియో యెంతటి వైద్యుడును నిశ్చయింపజాలడు. కావున నాటుమందులకై పరుగిడుటయు, స్కాను లేని చోట గంటలు గడపుటయు సమానదోషములే.

గుర్తులు ముఖ్యముగా మూడు: మూతి వంకరపోవుట, ఎత్తిన చేయి వాలిపోవుట, మాట తడబడుట. వీనిలో నొక్కటి కనబడినను, అది వెంటనే తగ్గిపోయినను, 108కి ఫోను చేయవలయును. రోగి కడపట బాగుగానున్న వేళను గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలయును. నోట నీరుగాని మాత్రగాని వేయరాదు.

1923లో వెలసిన కింగ్ జార్జి ఆస్పత్రి హార్బరునకు సమీపముననే యున్నది. కాని నడిసంద్రమున బోటులోనున్నవానికిని, మన్యపు గిరిజనునకును ఆ 4½ గంటలు దారిలోనే వ్యయమగును. ప్రతి ప్రాంతీయ వైద్యశాలయందును రేయింబవళ్లు స్కానును, దానిని పరికించు వైద్యుడును, మందును సిద్ధముగానుంచుట ప్రభుత్వము ధర్మము. రోగి వాకిట చేరిన గంటలోపల, తగినవానికి మందు పడవలయును. పేరు వ్రాసికొనుట, రుసుము కట్టించుకొనుట తరువాతి పనులు.

ప్రభుత్వమునే దూషించుచు కూర్చుండుటయు తగదు. భూవసతిగల మా పాఠకులు తమ పాలేళ్లకును, పురవాసులు తమ యింటివారికిని ఈ మూడు గుర్తులను నేడే చెప్పుదురుగాక. చేయి పడిపోయిన కూలివానియింట పొయ్యి యెన్నాళ్లు వెలుగును?