మర పట్టిన చెయ్యి

పక్షవాతం వచ్చిన మనిషి ఇంట్లో ఉంటే తెలుస్తుంది, కాలు కన్నా చెయ్యి ఎంత మొండిదో. గోడ పట్టుకునో, కర్ర పట్టుకునో కొన్నాళ్లకి చాలామంది నాలుగడుగులు వేస్తారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు ‘ఫరవాలేదు, లేచి తిరుగుతున్నారుగా’ అని కాఫీ తాగి వెళతారు. కానీ చొక్కా గుండీలు? అన్నం కలుపుకోవడం? చీర కుచ్చిళ్లు? అవన్నీ ఇంకొకరి చేతిమీదే జరగాలి. ఆ ఇంకొకరు ఎవరో నేను చెప్పక్కర్లేదు కదా!

ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో ‘రోబో ఫిజియోథెరపీ’ అనే మాట వినిపిస్తోంది. ‘దాంతో చెయ్యి మళ్లీ వస్తుందటండీ, గొలుసు తాకట్టు పెట్టయినా చేయించమంటారా?’ అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు నన్నడిగారు. అందుకే ఈ వారం ఈ సంగతి ఎత్తుకున్నాను.

రోబో అనగానే సినిమాల్లో నడిచే ఇనుప మనిషిని ఊహించుకోకండి. బల్లకి బిగించిన ఒక లోహపు చెయ్యి, అంతే. రోగి ముంజేతిని దానిమీద పెట్టి పట్టీ కడతారు. ఎదురుగా తెరమీద ఒక చుక్క ఉంటుంది. చెయ్యి కదిపి దాన్ని చెప్పిన చోటికి చేర్చాలి. కదపగలిగితే మర ఊరుకుంటుంది, మధ్యలో ఆగిపోతే మెల్లగా తోస్తుంది. పిల్లాడి చేత అక్షరాలు దిద్దించేటప్పుడు, వాడికి వస్తున్నకొద్దీ మనం పట్టు వదుల్తామే, అదే పద్ధతి. అమెరికాలో ఎం.ఐ.టి.లో నెవిల్ హోగన్, హెర్మనో ఇగో క్రెబ్స్ తయారుచేసిన ఇలాంటి యంత్రాన్ని 1990లలోనే రోగులకి వాడి చూశారు. దాని పేరు ‘ఎం.ఐ.టి.-మానస్’. లాటిన్‌లో మానస్ అంటే చెయ్యి. మన చెవికి మాత్రం మనసులా వినిపిస్తుంది!

మరకున్న గొప్పంతా ఒక్కటే... దానికి విసుగు రాదు. చెయ్యి పడిపోయినప్పుడు దెబ్బతిన్నది కండ కాదు, మెదడులో ఆ కండని ఆడించే చోటు. ఆ పని మిగిలిన మెదడు కొత్తగా నేర్చుకోవాలి. అందుకు చేసిందే వందలసార్లు చెయ్యాలి. అమెరికా, కెనడాల్లో ఫిజియోథెరపీ జరిగేటప్పుడు పక్కన కూర్చుని లెక్కపెట్టిన పరిశోధన ఒకటి 2009లో వచ్చింది. ఒక్కో విడతలో ఆ చేత్తో చేయించిన పనికొచ్చే కదలికలు సగటున 32! పూరీ పిండి కలపడానికైనా చాలవు. మర అయితే ఒక్క విడతలోనే వందలు చేయిస్తుంది.

మరి చెయ్యి వస్తుందా? గొలుసు తియ్యబోయే తల్లి ఇక్కడ కాస్త ఆగాలి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 127 మంది మీద చేసిన పరిశోధన 2010లో వెలువడింది. 12 వారాల తర్వాత చూస్తే, మరతో చేసినవాళ్లూ, మనిషి దగ్గరుండి అంత గట్టిగానూ సాధన చేయించినవాళ్లూ ఇంచుమించు ఒకలాగే ఉన్నారు. 2019లో బ్రిటన్ ఫలితాలొచ్చాయి. 770 మంది, మూడు జట్లు. వారానికి మూడు రోజులు, రోజుకి ముప్పావుగంట, 12 వారాలు. మరతో చేసినవాళ్ల చేతికి కదలిక కొంత పెరిగింది. కానీ వస్తువు పట్టుకోవడం, ఎత్తడం, ఇంకోచోట పెట్టడం లాంటి పనుల్లో మామూలు వైద్యం పొందినవాళ్ల కన్నా మెరుగు కాలేదు. తెరమీద చుక్కని జరపడం వేరు, వంటింట్లో గరిటె తిప్పడం వేరు.

అలాగని మర దండగ అనను. ఫిజియోథెరపిస్టు సమయం చాలనిచోట అది అదనపు సాధన. వెల్లూరు సి.ఎం.సి., ఐ.ఐ.టి. మద్రాసు వాళ్లు కలిసి మణికట్టుకీ వేళ్లకీ సాధన చేయించే ‘ప్లూటో’ అనే చిన్న యంత్రం తయారుచేశారు. బల్లమీద పెట్టుకోవచ్చు. ఇళ్లకి ఇచ్చి కూడా చూశారు. చిత్తూరు వైపు నుంచి వెల్లూరు వెళ్లే మనవాళ్లు దాని గురించి అడిగి తెలుసుకోవచ్చు. నా ఆశ ఇలాంటి వాటిమీదే.

‘మరలెందుకు, కోడలుందిగా, చేయిస్తుందిలే’ అనేవాళ్లకీ ఒకమాట. మన దేశంలో 14 ఆసుపత్రులు, 1250 మంది రోగులతో ‘అటెండ్’ అనే పరిశోధన జరిగింది. ఇంటివాళ్లకి నేర్పి, వాళ్లచేతే వ్యాయామాలు చేయించారు. ఆరునెలల తర్వాత చూస్తే, అలా చేయించనివాళ్లకీ వీళ్లకీ తేడా కనబడలేదు. 2017లో వచ్చిన ఫలితమిది. కోడలు ఫిజియోథెరపిస్టు కాదు. ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టి, వైద్యం జరుగుతోందనుకోవడం నాకు నచ్చదు.

పడిపోయింది ఆవిడ చెయ్యే అయితే? మా వీధిలో ఒక రిటైరైన టీచరుగారికి కుడిచెయ్యి పడిపోయింది. ‘వంటమనిషిని పెట్టాంగా, నీకిప్పుడు చెయ్యి తొందరేమిటి?’ అన్నాడట భర్త, ప్రేమగానే. ‘నా జడ నేను వేసుకోవాలి’ అందట ఆవిడ. ఆ చెయ్యి వంటకోసమే ఉందని ఎవరన్నారు?

డబ్బు కట్టేముందు ఆవిడలాగే ఒక పని పేరు చెప్పండి... జడో, సంతకమో, ముద్దో. మర దగ్గర్నుంచి లేచాక ఆ పని ఎవరు చేయిస్తారు, ఎంతసేపు దగ్గరుంటారు, ఎన్ని వారాలకి తేడా లేకపోతే ఆపేస్తారు అని అడగండి. మరో సంగతి. మంచంమీంచి లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని గుంజకండి, భుజం పాడవుతుంది. ఎలా లేపాలో ఫిజియోథెరపిస్టుని ఒకసారి చేసి చూపించమనండి. ఇంట్లో మగవాళ్లని కూడా పక్కన నిలబెట్టుకుని!