"నాసి చెక్క" అన్నదెవరు?



మన వెదురు విల్లు చూసి "ఇది బొమ్మా?" అని హాస్టల్లో నవ్వినోళ్లు మనందరికీ తెలుసు. ఇంగ్లండు సంగతి ఒకటి చెప్తాం వినండి.

అక్కడి పొడుగు విల్లుకి యూ చెట్టే పేరు. కానీ సొంతగడ్డ మీద పెరిగిన యూ అంటే వాళ్లకే చిన్నచూపు. వలయాలు వెడల్పంట, ముడులెక్కువంట, వంకరంట. స్పెయిన్, ఇటలీ వైపు బద్దలే కావాలన్నారు. సరుకుతో వచ్చే ఓడలు విల్లు బద్దలూ తేవాలని 1472లో చట్టమే చేశారు!

చలి కొండ మీద చెట్టు నిదానంగా పెరిగి వలయాలు దగ్గరగా ఉంటాయి, నిజమే. అయినా పనితనం చూడండి. విల్లు వీపున తెల్ల చెక్క సాగుతుంది, లోపలి వైపు చేవ నొక్కుడుకి తట్టుకుంటుంది. ముడి వస్తే చదును చెయ్యరు, దాని చుట్టూ చెక్క ఎక్కువ వదుల్తారు. వంకరుంటే ఆ వంకర వెంటే చెక్కుతారు. బలం తక్కువనిపిస్తే కాస్త వెడల్పు ఉంచుతారు. అలా "నాసి" యూతో కూడా మంచి విల్లులు ఇప్పటికీ చేస్తున్నారు.

మన తాతలు వెదురు కణుపు చూసి బద్ద తీసేదీ ఈ తెలివే కదా? రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ వెదురు విల్లుతోనే మొదలుపెట్టి 3 ఒలింపిక్స్ ఆడాడు.

కార్బన్ విల్లు వద్దనట్లేదు. పోటీలకు కావాలి, గట్టిగా అడుగుదాం. కానీ విల్లు చేసే తాతలు ఊరికొకరు కూడా మిగల్లేదు. ఈ సెలవులకి ఊరెళ్తే ఏ వెదురు, ఏ నెలలో కొడతారు, ఎన్నాళ్లు ఆరబెడతారు అడిగి ఇక్కడ రాయండి.