క్లోమము: నొప్పి, నింద, నిజం

గుండెను దిల్ అనీ, కాలేయాన్ని జిగర్ అనీ పలుకుకొనే ఇండ్లు మనవి. ఆ రెండింటినీ కవులు ఎంతగానో కీర్తించారు. కాని తెలుగులో క్లోమమనీ, ఉర్దూలో లబ్‌లబా అనీ పేరున్న అవయవం ఒకటున్నది. అది రెండు భాషలలోనూ పాఠ్యపుస్తకపు పుటలు దాటి ఇంటి మాటలలోకి రాలేదు. పేరు తెలియని అవయవానికి వచ్చిన వ్యాధిని గుర్తించడం ఎట్లా? ఈ ప్రశ్నే మమ్ము ఈ వ్యాసానికి పురికొల్పినది.

జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు అడ్డముగా ఒదిగి ఉండే ఈ గ్రంథి సుమారు జానెడు పొడవుంటుంది. బరువు వంద గ్రాములకు మించదు. అయినా రెండు పెద్ద పనులు నెరవేరుస్తుంది. పిండిపదార్థాలను, మాంసకృత్తులను, కొవ్వులను జీర్ణం చేసే రసాన్ని దినమునకు లీటరుకు పైగా స్రవించి ప్రేవులలోకి పంపుతుంది. ఇన్సులిన్‌ను రక్తంలోకి విడిచి చక్కెరను అదుపులో ఉంచుతుంది. ఆ ఇన్సులిన్‌ను తయారుచేసే కణాల దీవులను 1869లో కనుగొన్న పాల్ లాంగర్‌హాన్స్ అప్పటికి బెర్లినులో వైద్య విద్యార్థి. విద్యార్థి మిత్రులు ఈ విషయాన్ని ప్రత్యేకించి గమనించవలెను.

అన్నాన్ని అరిగించే రసం ప్రేవులకు చేరకముందే క్లోమంలోనే విజృంభిస్తే అది క్లోమాన్నే అరిగించడం మొదలుపెడుతుంది. దీనినే క్లోమశోథ అంటారు. పైకడుపులో భరింపరాని నొప్పి పుట్టి వీపులోకి పాకుతుంది, వాంతులు ఆగవు. పిత్తాశయంలోని రాళ్ళు, మద్యపానం దీనికి ముఖ్య కారణాలు. సకాలంలో ఆసుపత్రి చేరినవారిలో అధికులు కొద్ది దినాలలోనే కోలుకుంటారు. ఆలస్యమైనచో మూత్రపిండాలకు, ఊపిరితిత్తులకు కూడ ముప్పు వాటిల్లవచ్చును.

మన నెల్లూరు తీరంలో ఆలస్యానికి ఒక పేరున్నది. దాని పేరు "గ్యాస్". మైపాడు మొదలు కృష్ణపట్నం దాకా ఏ పల్లెలోనైనా కడుపునొప్పి అనగానే వచ్చే మొదటి మాట అదే. ఒక సోడా, ఒక మాత్ర, ఒక రాత్రి నిరీక్షణ. అంతటితో వైద్యం ముగిసినదనుకొంటారు. వేటకు పోయే పడవ మీద ఆ నొప్పి వస్తే ఒడ్డు చేరేసరికే కాలం మించిపోవచ్చును. రక్తంలో అమైలేజు, లైపేజు పరీక్షలు చేయడానికి, కడుపుకు స్కానింగు తీయడానికి పట్టే సమయం కొద్ది గంటలు మాత్రమే. నొప్పి వీపులోకి పాకిందా అని ఒక్క ప్రశ్న అడిగే అలవాటు ఇంటింటా ఉంటే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయని మా విశ్వాసం.

అయితే అజ్ఞానం కంటె క్రూరమైనది మరొకటున్నది, అది నింద. క్లోమవ్యాధి అనగానే "తాగినాడేమో" అనే గుసగుస బయలుదేరుతుంది. మద్యం నిషిద్ధమైన మన సమాజంలో ఆ గుసగుస నొప్పికన్న ఎక్కువ బాధిస్తుంది. కాని ఎన్నడూ చుక్క ముట్టని యువతీయువకులలో కూడ క్లోమం గట్టిపడి, నాళాలలో సున్నపురాళ్ళు పేరుకొని, తుదకు మధుమేహం వచ్చే వ్యాధి దక్షిణ భారతంలో చిరకాలంగా కనిపిస్తున్నది. వంశపారంపర్య లోపాలకు ఇందులో పాత్ర ఉన్నట్లు పరిశోధనలు చూపినవి. అట్టివారిని అనుమానించడం అన్యాయం. నిజముగా త్రాగినవాడు సైతం నిందకు భయపడి వైద్యుని వద్ద దాచితే నష్టపోయేది అతడే. వైద్యుని గది న్యాయస్థానం కాదు.

ఇంతమాత్రాన మద్యాన్ని, పొగాకును మేము ఉపేక్షించుట లేదు. ఈ రెండూ క్లోమానికి శత్రువులే. మద్యంపై పోరాటంలో మన జిల్లాకు ఘనమైన చరిత్ర ఉన్నది. అక్షరాస్యతా తరగతులలో చదివిన ఒక పాఠం దూబగుంట స్త్రీలను కదిలించినది. రోశమ్మ వంటి సామాన్య స్త్రీల నాయకత్వంలో 1992 నాటికి అది సారా వ్యతిరేకోద్యమమై రాష్ట్రమంతటా వ్యాపించినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చినది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలినా, ఒక పాఠానికి ఎంత శక్తి ఉన్నదో దూబగుంట చూపిన నిదర్శనం సడలలేదు.

ఇక ఇన్సులిన్ పట్ల ఉన్న భయం. "సూది మొదలైతే మనిషి పని అయిపోయినట్లే" అనే మాట మనము తరచుగా వింటాము. నిజం దీనికి విరుద్ధం. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో మరణం అంచున ఉన్న పదునాలుగేండ్ల బాలునికి దానిని ఇచ్చారు, అతడు బ్రతికినాడు. క్లోమం దెబ్బతిన్నవారికి ఇన్సులిన్ ఓటమికి గుర్తు కాదు, ఆధారం. రమజాను మాసంలో ఇన్సులిన్ వాడేవారు ముందుగా వైద్యుని సలహా తీసుకొనవలెను. రోగికి ఉపవాసం నుండి ఖురానే సడలింపు నిచ్చినది గదా!

చికిత్స కూడ నేడు ఎంతో ముందంజ వేసినది. జీర్ణరసం కొరవడినవారికి దానిని అందించే గుళికలున్నవి. శరీరం వెలుపలి నుండి తరంగాలను పంపి క్లోమంలోని రాళ్ళను పొడిచేసే పద్ధతిలో, ఎండోస్కోపీ చికిత్సలో హైదరాబాదులోని డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారి బృందం ప్రపంచ ఖ్యాతి పొందినది. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ లభించినది. క్లోమపు క్యాన్సరు మాత్రం నేటికీ ఆలస్యంగానే బయటపడుతున్నది. నొప్పి లేని పచ్చకామెరలు, కారణం లేకుండ బరువు తగ్గుట, పెద్దవయస్సులో హఠాత్తుగా మధుమేహం కనిపించుట అనే సూచనలు గలవారు నాటుమందుతో కాలయాపన చేయరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు మూడు. ఏటా ఒక దినాన ఒక వైద్యుని పిలిపించి తెలుగు, ఉర్దూ రెండు భాషలలోనూ ఈ పాఠం చెప్పించండి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు గల విద్యార్థిని మారుప్రశ్న వేయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెనని వసతిగృహంలో నియమం పెట్టండి. అట్టి విద్యార్థి జబ్బు గురించిన వివరం గోప్యంగా ఉంచండి. ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు, మనసు చాలును.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! తోటివాడు కడుపు పట్టుకొని కూలబడినప్పుడు "ఏమి తాగినావు?" అని అడుగకండి. "నొప్పి వీపులోకి పాకుతున్నదా?" అని అడగండి. మొదటి ప్రశ్న అతని నోరు మూయిస్తుంది. రెండవ ప్రశ్న అతని ప్రాణం కాపాడవచ్చును.